లాంచీ కదలకముందు పది నిమిషాలు



నల్లగొండ, పాలమూరు జిల్లాల వాళ్లకు సముద్రం చాలా దూరం. చెల్క భూములు, గుట్టలు, బోరుబావులు, వాన కోసం ఎదురుచూపులు, ఇవీ మనకు తెలిసినవి. అలాంటి చోట కూర్చుని ఓడల్లో ప్రయాణికుల భద్రత గురించి, ఓడల్లో పుట్టే మంటల గురించి మాట్లాడటం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ మన రెండు పాత జిల్లాల దక్షిణపు సరిహద్దు వెంట కృష్ణమ్మ పారుతోంది. ఆ నది మీద శ్రీశైలం, నాగార్జునసాగర్ అని రెండు మహా జలాశయాలు ఉన్నాయి. సాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. నీళ్లు నిండినాక ఏలేశ్వరం లాంటి పాత ఊళ్లు మునిగాయి, నాగార్జునకొండ దీవి అయింది. అప్పటినుంచి మర పడవలు, లాంచీలు మన బతుకులోకి వచ్చాయి.

ఇప్పుడు ఆ నీటి మీద ప్రయాణం ఇంకా పెద్దదైంది. నందికొండ దగ్గర లాంచీ ఎక్కితే నల్లమల కొండల నడుమ సుమారు 110 కిలోమీటర్లు నీటి మీదనే సాగి, శ్రీశైలం ఆనకట్ట కింద లింగాలగట్టు చేరవచ్చు. కొల్లాపురం దగ్గర సోమశిలలో ఎక్కితే ఆనకట్ట ఎగువన, అక్కమహాదేవి గుహలున్న కొండల పక్కనుంచి పాతాళగంగ రేవుకు పోవచ్చు. తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థ 2024 చివర్లో ఈ రెండు దారుల్లోనూ లాంచీలు మొదలుపెట్టినప్పుడు జనం ఉత్సాహంగా టికెట్లు కొన్నారు. కొనాల్సిందే, అంత అందమైన దారి అది. ఆరేడు గంటల ప్రయాణం. రెండు వైపులా పులుల అభయారణ్యం. చాలా దూరం ఊరన్నది కనబడదు, రోడ్డు అసలే కనబడదు.

ఆ మాట దగ్గరే నేను ఆగుతాను. ఇంజనుంది, డీజిలుంది, కరెంటు తీగలున్నాయి, మనుషులున్నారు. ఊరు లేదు, రోడ్డు లేదు, అగ్నిమాపక బండి రాదు. సముద్రం మీద తిరిగే పెద్ద విహార నౌకకు ఏ ప్రమాదం ఉందో, మన లాంచీకీ అదే ప్రమాదం ఉంది. కొలత చిన్నది, అంతే. అందుకే ఆ పెద్ద ఓడలు తమ అనుభవంతో నేర్చుకున్న పాఠం మనకు పనికొస్తుంది. వందేళ్లపాటు ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నాక నేర్చిన పాఠం అది.

1912లో టైటానిక్ మునిగింది. రెండేళ్లకు, 1914లో, సముద్రంలో ప్రాణరక్షణ మీద కొన్ని దేశాలు కలిసి మొదటి ఒప్పందం రాసుకున్నాయి. ఎన్ని పడవలు ఉండాలి, ఎన్ని జాకెట్లు ఉండాలి అన్నవి అక్కడ మొదలయ్యాయి. తర్వాత ఒప్పందం ఎన్నోసార్లు మారింది. చాలా మార్పుల వెనక ఒక ప్రమాదం ఉంది. వాటిలో మనకు బాగా దగ్గరగా ఉన్నది ఈ మధ్యదే.

2012 జనవరి 13 రాత్రి. ఇటలీలో కోస్టా కాంకార్డియా అనే విహార నౌక చివితవెక్కియా రేవు నుంచి బయలుదేరింది. అందులో 4,200 మందికి పైగా ఉన్నారు. రెండు మూడు గంటలు కూడా గడవకముందే జిల్యో దీవి పక్కన రాతిని గుద్దుకుంది. ఓడ పొట్ట చీలింది. పక్కకు ఒరిగింది. 32 మంది చనిపోయారు. చనిపోయినవారిలో ప్రయాణికులకు సేవ చేసే ఒక భారతీయ ఉద్యోగి కూడా ఉన్నాడు. ఆ సాయంత్రం ఆ రేవులో కొత్తగా ఎక్కినవాళ్లు దాదాపు 700 మంది. వాళ్లకు భద్రతా డ్రిల్లు జరగలేదు. మరునాడు చేద్దామనుకున్నారు. నిబంధన తప్పారా అంటే, ఆ విషయంలో తప్పలేదు. ఎక్కిన 24 గంటల లోపల చేస్తే చాలని అప్పటి నిబంధన. మరునాడు డ్రిల్లు, ఆ రాత్రే ప్రమాదం. తమ జాకెట్ ఎక్కడుందో, తాము ఏ పడవ దగ్గరికి పోవాలో తెలియని మనుషులు చీకట్లో, ఒరిగిన నేల మీద వెతుక్కున్నారు.

ఆ తర్వాత నిబంధన మార్చారు. 2015 జనవరి 1 నుంచి, కొత్తగా ఎక్కిన ప్రయాణికులకు ఓడ బయలుదేరకముందే, లేదంటే బయలుదేరిన వెంటనే డ్రిల్లు చేసి తీరాలి. చూడటానికి ఇది చిన్న మార్పు. నా దృష్టిలో టైటానిక్ తర్వాత ప్రయాణికుడికి దక్కిన పెద్ద హక్కుల్లో ఇదొకటి. ప్రమాదం తన గంట తాను చూసుకుని వస్తుంది, మన సౌకర్యం కోసం ఒక రాత్రి ఆగదు.

డ్రిల్లులో ఏం చేస్తారో తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఓడ సైరను ఏడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా మోగుతుంది. అది విన్న వెంటనే అందరూ చేతిలో పని వదిలి తమ గదికి కేటాయించిన చోటికి చేరాలి. ఆ చోటి పేరు గది తలుపు లోపలివైపు, ప్రయాణికుడి కార్డు మీద రాసి ఉంటుంది. అక్కడ సిబ్బంది లెక్క తీసుకుంటారు. జాకెట్ ఎలా తొడుక్కోవాలో, పట్టీలు ఎక్కడ బిగించాలో, ఈల ఎక్కడుందో, లైటు ఎలా వెలుగుతుందో చూపిస్తారు. లిఫ్టు ఎక్కవద్దని చెబుతారు. మొత్తం అరగంట లోపల పని. కోవిడ్ తర్వాత చాలా కంపెనీలు ఈ పద్ధతి మార్చాయి. అందరినీ ఒక్కచోట నిలబెట్టకుండా, ఫోనులోనో గదిలో టీవీలోనో వీడియో చూసి, ఎవరికి వారు తమ చోటికి నడిచి వెళ్లి కార్డు చూపించి రమ్మంటున్నారు. వీడియో ఆడుతుంటే పక్కన బట్టలు సర్దుకునేవాళ్లే ఎక్కువ. అయినా ఆ నడిచి వెళ్లడం మాత్రం మానకండి. చెవితో విన్నది కంగారులో మరిచిపోతాం. కాళ్లు నడిచిన దారి గుర్తుంటుంది.

ఈ మాట నేను ముఖ్యంగా ఒక రకం కుటుంబాలకు చెబుతున్నాను. మన సూర్యాపేట, మిర్యాలగూడ, వనపర్తి, జడ్చర్ల నుంచి పిల్లలు అమెరికా పోయి స్థిరపడ్డారు. అమ్మానాన్నలను పిలిపించుకుని కరీబియన్ దీవులకో అలాస్కాకో క్రూయిజ్‌లో తీసుకుపోతున్నారు. సంతోషం. కానీ ఆ ఓడలో ప్రకటనలన్నీ ఇంగ్లిషులో ఉంటాయి. బిడ్డా, నీకు అర్థమైంది, మీ నాయనకు అర్థమైందా? మీ అమ్మను చేయి పట్టుకుని గది నుంచి పడవ దాకా ఒకసారి నడిపించావా? "సైరను ఏడుసార్లు మోగితే మేము పక్కన లేకున్నా నువ్వు ఇక్కడికి రావాలమ్మా" అని తెలుగులో చెప్పావా? అది ఓడవాళ్లు చేయలేని పని, నువ్వే చేయాలి.

భాష సంగతి ఎందుకింత పట్టుదలగా అడుగుతున్నానంటే దానికి కారణముంది. 1990 ఏప్రిల్ 7న నార్వే నుంచి డెన్మార్కు పోతున్న స్కాండినేవియన్ స్టార్ ఓడలో మంట పుట్టింది. 159 మంది చనిపోయారు. ఎవరో కావాలని పెట్టిన మంట అది. చాలామందిని చంపింది మాత్రం పొగ. సిబ్బందిని హడావిడిగా చేర్చుకున్నారు. వాళ్లకు ఓడే కొత్త. వాళ్లలో వాళ్లకే ఒక భాష కలవదు, ప్రయాణికులతో అసలు కలవదు. గంట మోగినా నిద్రలో ఉన్న కొందరికి వినిపించలేదు. నడవాలు ఒకదానిలా ఒకటి ఉండటంతో పొగలో దారి తప్పారు. ఆ ప్రమాదం తర్వాతనే ఓడల నడవాల్లో నేలకు దగ్గరగా వెలిగే దారి దీపాలు, గదుల్లో పొగ పసిగట్టే పరికరాలు, నీళ్లు చిమ్మే గొట్టాలు తప్పనిసరి అయ్యాయి. దీపం నేల దగ్గర ఎందుకు? పొగ పైకి పోతుంది కాబట్టి. పొగలో నిలబడి నడిచినవాడికి దీపం కనబడదు, వంగి పాకినవాడికి కనబడుతుంది.

ఓడలో మంట ఎక్కడ పుడుతుంది? ముందు ఇంజను గదిలో. గొట్టం ఎక్కడో సన్నగా చిట్లి డీజిలు తుంపరగా చిమ్మితే, కాలిపోతున్న పొగగొట్టం మీద పడి భగ్గున అంటుకుంటుంది. 2013 ఫిబ్రవరిలో మెక్సికో సింధుశాఖలో కార్నివాల్ ట్రయంఫ్ ఓడకు ఇదే జరిగింది. మంట ఆరింది, ఎవరూ చనిపోలేదు, కానీ కరెంటు పోయింది. 4,000 మందికి పైగా జనం నడి సముద్రంలో రోజుల తరబడి వెలుతురు లేకుండా, మరుగుదొడ్లు పనిచేయకుండా ఉండిపోయారు. తర్వాతి చోటు వంటగది, మరుగుతున్న నూనె. ఆ తర్వాత బట్టలు ఆరబెట్టే యంత్రాలు, వాటిలో పేరుకునే దూది. ఇక ప్రయాణికుడు వెంట తెచ్చేవి. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే హీటరు, నాసిరకం ఛార్జరు, సిగరెట్టు. 2006 మార్చిలో జమైకా దగ్గర స్టార్ ప్రిన్సెస్ ఓడలో బాల్కనీలు వరసగా అంటుకుని ఎన్నో గదులు కాలిపోయాయి. ఆరని సిగరెట్టు పీక కారణం కావచ్చని విచారణ తేల్చింది. ఒక పీక. ఓడవాళ్లు మీ సంచీలోంచి ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెడితే కోపం తెచ్చుకోకండి.

ఇంకా పాత కథ ఒకటి చెప్పి మన ఊళ్లకు వస్తాను. 1934 సెప్టెంబరులో మోరో క్యాజిల్ అనే ఓడ క్యూబా నుంచి న్యూయార్కుకు తిరిగి వస్తూ న్యూజెర్సీ తీరంలో తగలబడింది. 137 మంది పోయారు. తీరం కనుచూపు మేరలోనే ఉంది. ప్రాణరక్షణ పడవలున్నాయి. ముందుగా దిగిన ఆరు పడవల్లో 400 మందికి పైగా పట్టేవాళ్లు. ఎక్కింది 85 మంది, అందులోనూ ఎక్కువమంది ఓడ సిబ్బంది. పడవ లేక చచ్చినవాళ్లు కారు ప్రయాణికులు. ఆ పడవ దగ్గరికి ఎట్లా పోవాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు, దాని మీద వాళ్లను కూర్చోబెట్టాల్సినవాళ్లు ముందే దిగిపోయారు.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. ప్రయాణంలో మంట అంటే ఏమిటో పాలమూరుకు ఎవరూ చెప్పనవసరం లేదు. 2013 అక్టోబరు 30, దీపావళికి ముందు. బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న వోల్వో బస్సు తెల్లవారుజామున కొత్తకోట దగ్గర పాలెం వద్ద కల్వర్టును గుద్దింది. డీజిలు ట్యాంకు పగిలింది. నిమిషాల్లో బస్సు మొత్తం మంటల్లో మునిగింది. 45 మంది సజీవ దహనమయ్యారు. బయటపడ్డవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చాలామంది నిద్రలో ఉన్నారు. తలుపు తెరుచుకోలేదు. చుట్టూ అద్దాలే, కానీ అద్దం పగలగొట్టాలన్న ఆలోచన రావడానికి, సుత్తి చేతికి అందడానికి కావలసిన ఆ కొన్ని క్షణాలు వాళ్లకు దొరకలేదు. అదే జాతీయ రహదారి మీద, పన్నెండేళ్ల తర్వాత, 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద మరో రాత్రి బస్సు కాలిపోయింది. అది హైదరాబాదు నుంచి మన పాలమూరు మీదుగానే పోయిన బస్సు. ఒక మోటారు సైకిలు బస్సు కింద ఇరుక్కుని ఈడ్చుకుపోవడంతో మంట లేచింది. 19 మంది ప్రయాణికులు చనిపోయారు.

రాత్రి బస్సులు నేనూ ఎక్కాను. నీళ్ల సీసా ఇచ్చారు, దుప్పటి ఇచ్చారు. అత్యవసర ద్వారం ఎటుందో, సుత్తి ఎక్కడ తగిలించారో నోరు తెరిచి చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. చెప్పడానికి ఒక్క నిమిషం పడుతుంది. విమానంలో ఆ నిమిషం కేటాయిస్తున్నారు కదా, బస్సులో ఎందుకు కేటాయించరు? బస్సులో ఎక్కే మనిషి ప్రాణం విలువ తక్కువా?

దీనికి పక్కనే మరో ఘటన పెట్టి చూడండి. 2023 జూలై 7. హౌరా నుంచి సికిందరాబాదు వస్తున్న ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్. పాత నల్లగొండ జిల్లా, ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా, బొమ్మాయిపల్లి, పగిడిపల్లి మధ్య బోగీల్లోంచి పొగ లేచింది. పట్టపగలు. ఎవరో గమనించారు, గొలుసు లాగారు. బండి ఆగింది. జనం దిగిపోయారు, సామాను వదిలేసి దిగిపోయారు. తర్వాత వరుసగా బోగీలు కాలి బొగ్గయ్యాయి, కానీ ఒక్క ప్రాణం పోలేదు. పాలెంకూ పగిడిపల్లికీ తేడా ఏమిటి? ఒకచోట మంట నిమిషాల్లో కమ్మేసింది, ఇంకోచోట కొంత సమయం దొరికింది, అది నిజం. వెలుతురుంది, అదీ నిజం. వాటితో పాటు, రైలు ఎక్కే ప్రతివాడికీ చిన్నప్పటినుంచి తెలిసిన విషయం ఒకటుంది, గొలుసు ఎక్కడుంటుందో, లాగితే ఏమవుతుందో. ఎవరూ డ్రిల్లు పెట్టకున్నా ఆ ఒక్క సంగతి జనం చేతుల్లో ఉంది.

లాంచీలో గొలుసు లేదు. లాగినా దిగడానికి కింద నేల లేదు. అక్కడే నీటి ప్రయాణం వేరవుతుంది.

గోదావరి మీద ఏం జరిగిందో చూడండి. 2018 మే 11న దేవీపట్నం దగ్గర పాపికొండలకు పోతున్న పర్యాటక బోటులో మంటలు లేచాయి. పదుల మంది జనం, పిల్లలు, పెద్దలు. బోటును ఒడ్డుకు తిప్పారు, అందరూ దిగి బతికారు. బోటు మాత్రం కాలిపోయింది. నాలుగు రోజులకే, మే 15న, అదే దేవీపట్నం మండలంలో మంటూరు దగ్గర గాలివానలో లాంచీ మునిగి ఎందరో గిరిజనులు చనిపోయారు. ఆ మరుసటి ఏడాది, 2019 సెప్టెంబరు 15న, కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో రాయల్ వశిష్ఠ బోల్తా పడింది. బోటులో ఉన్న 77 మందిలో 26 మందే బతికారు. చనిపోయినవాళ్లలో మన తెలంగాణ వాళ్లు, వరంగల్ పక్కన కడిపికొండ ఊరివాళ్లు చాలామంది ఉన్నారు. ఐదు వారాల తర్వాత కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం ఆ బోటును నది అడుగు నుంచి లాగితే లోపలే మృతదేహాలు దొరికాయి. మూసిన గదిలో ఉన్నవాళ్లు బయటికి రాలేకపోయారు.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించినప్పుడు సాగర్, శ్రీశైలం లాంచీల విషయంలో నాకు తేలినవి కొన్ని ఉన్నాయి. నది మీద మంట పుడితే మన ఆశ్రయం ఒడ్డు. మే 11న గోదావరిలో జనాన్ని కాపాడింది ఒడ్డే. కానీ నల్లమల లోయలో ఒడ్డు అంతటా ఒకేలా ఉండదు. చాలాచోట్ల నిటారుగా రాతి గోడ, పిల్లలూ ముసలివాళ్లూ కాలు పెట్టే వీలుండదు. కాబట్టి దారిలో ఎక్కడెక్కడ లాంచీని ఒడ్డుకు కొట్టించవచ్చో దాన్ని నడిపే సరంగు దగ్గర ముందే గుర్తులు ఉండాలి. డిండి వాగు కలిసే చోటు, జాలరులు వలలు ఆరేసుకునే మేటలు, ఇలాంటివి సరంగులకు తెలుసు. వాళ్లకు తెలిసినదాన్ని కాగితం మీద పెట్టి, రేవులో ఒక ప్రతి, లాంచీలో ఒక ప్రతి ఉంచితే, ఒకరోజు కొత్త సరంగు వచ్చినా దారి తెలుస్తుంది. మంట వెనక ఇంజను దగ్గర ఉంటే లాంచీ ముందు భాగాన్ని గాలికి ఎదురుగా తిప్పాలి, అప్పుడు పొగ జనం మీదికి రాకుండా వెనక్కి పోతుంది. సరంగుకు ఇది తెలియనిదేమీ కాదు. తెలిసింది చేయడానికి అలవాటు కావాలి, అందుకే అప్పుడప్పుడు ఖాళీ లాంచీతోనైనా చేసి చూడాలి.

రెండో సంగతి పొగ. దీనికి మన జిల్లాలోనే గుండె పగిలే ఉదాహరణ ఉంది. 2020 ఆగస్టు 20 రాత్రి, సోమశిల లాంచీ చేరే శ్రీశైలానికి ఇవతలి ఒడ్డునే, ఈగలపెంట దగ్గర ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. 900 మెగావాట్ల కేంద్రం, కొండ లోపల, సొరంగం గుండా లోపలికి పోవాలి. తొమ్మిది మంది చనిపోయారు. ఇంజనీర్లు, సిబ్బంది, బ్యాటరీల పని మీద వచ్చినవాళ్లు. ఆ స్థలం వాళ్లకు కొత్త కాదు, ఏ మెట్లు ఎక్కడున్నాయో రోజూ చూసేవాళ్లు. కేంద్రాన్ని కాపాడటానికి లోపలే నిలబడ్డారు. దీపాలు పోయి, పొగ కమ్మేసేసరికి దారి తెలిసినవాళ్లు కూడా బయటికి రాలేకపోయారు. అలాంటప్పుడు ఆ ఉదయమే మొదటిసారి లాంచీ ఎక్కిన మనిషి ఏసీ గదిలో, పొగలో, తలుపు ఎటుందో ఎట్లా కనిపెడతాడు? అందుకే ఏ ఓడ ఎక్కినా, ఏ లాంచీ ఎక్కినా కూర్చోకముందు ఒక పని చేయండి. మీ కుర్చీ నుంచి తలుపు దాకా ఎన్ని వరుసలున్నాయో చేత్తో తాకుతూ లెక్కపెట్టండి. రెండో తలుపు ఎటుందో కూడా చూడండి. పొగ వస్తే కండువానో చీర కొంగునో నీళ్లలో తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకుని, వంగి, ఆ వరుసలే తాకుతూ పొండి.

లైఫ్ జాకెట్ గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి. ఎండాకాలం, ఉక్కపోత, జాకెట్ బరువు, ఫొటోలో బాగుండదు. అందుకే ఎక్కగానే వేసుకుని, రేవు దాటగానే విప్పి కుర్చీ కింద పడేస్తారు. బోటు బోల్తా పడటానికి పట్టే సమయంలో కుర్చీ కింద జాకెట్ వెతికి పట్టీలు బిగించుకోవడం సాధ్యం కాదు. దిగేదాకా ఒంటి మీదే ఉంచండి. పట్టీలు బిగించకుండా వేసుకున్నా పనికిరాదు, నీళ్లలో పడగానే జాకెట్ పైకి తేలి మెడ మీదుగా జారిపోతుంది, మనిషి కిందికి పోతాడు. పెద్దల జాకెట్ పిల్లలకు వేస్తే అదే జరుగుతుంది. పిల్లల జాకెట్లు వేరే ఉండాలి, లేకుంటే ఆ లాంచీలో పిల్లల్ని ఎక్కించకండి. మూసిన గదిలో ఉన్నప్పుడు ఇంకో చిక్కుంది. గదిలోకి నీళ్లు వస్తే జాకెట్ మనిషిని పైకప్పుకు ఎత్తి పట్టేస్తుంది, కిందికి మునిగి తలుపు దాటనివ్వదు. కాబట్టి గాలి పెరిగితే, అలలు లేస్తే, లాంచీ ఏ కాస్త తేడాగా కదిలినా, సిబ్బంది మాట విని, ఏసీ చల్లదనం వదిలి ముందుగానే పై డెక్కు మీదికో తలుపు దగ్గరికో రండి. అందరూ ఒకే పక్కకు మాత్రం పరుగెత్తవద్దు. మంటను చూసి జనమంతా ఒక వైపుకు పోతే, మంట చేయలేని పని ఆ బరువు చేస్తుంది, బోటు తిరగబడుతుంది. డ్రిల్లులో ఎవరు ఏ పక్కకు పోవాలో ముందే చెప్పాలని నేను అడిగేది దీనికోసమే.

చిన్న మంటను మొదటి నిమిషంలో ఆర్పడం పెద్ద కష్టం కాదు. మంటలార్పే ఎర్ర సిలిండరు ప్రతి లాంచీలోనూ ఉండాలి. పిన్ను పీకాలి, గొట్టాన్ని మంట అడుగుభాగానికి గురిపెట్టాలి, పిడి నొక్కాలి, అటూ ఇటూ ఊపాలి. మంట కొసల మీద కొడితే మందు వృథా. డీజిలు మంట మీద, కరెంటు మంట మీద నీళ్లు పోయవద్దు. చుట్టూ ఇంత నీరుంది కదా అని బకెట్‌తో ముంచి పోస్తే మండుతున్న నూనె నీటి మీద తేలి ఇంకా పరుచుకుంటుంది. సిలిండరు మీద గడువు తేదీ, సూది పచ్చగీతలో ఉందా లేదా అన్నది ఏ ప్రయాణికుడైనా వంగి చూడవచ్చు. కాలేజీ పిల్లలు విహారయాత్రకు వచ్చినప్పుడు ఉపాధ్యాయులు ఇద్దరు పిల్లలను ఈ పనికి పెడితే ఎంత బాగుంటుంది!

ప్రకటన ఏ భాషలో చెయ్యాలన్నది మళ్లీ అడుగుతాను. మన లాంచీ ఎక్కేవాళ్లలో దేవరకొండ తండాల లంబాడీ కుటుంబాలున్నాయి, అమ్రాబాద్ చెంచులున్నారు, హైదరాబాదు పాతబస్తీ వాళ్లున్నారు, కర్ణాటక నుంచి శ్రీశైలం మల్లన్న దగ్గరికి వచ్చే భక్తులున్నారు. గోడ మీద ఇంగ్లిషులో అంటించిన కాగితం వీళ్లలో ఎంతమందికి పనికొస్తుంది? తెలుగులో, ఉర్దూలో, లంబాడీలో రెండేసి నిమిషాలు మైకులో చెప్పించవచ్చు. ఒకసారి రికార్డు చేస్తే చాలు, రోజూ వినిపించవచ్చు. దాని తర్వాత ఒక మనిషి ముందు నిలబడి జాకెట్ తొడుక్కుని చూపించాలి. మొత్తం కలిపి పది నిమిషాలు. దేశంలో నదుల మీద తిరిగే నౌకలకు 2021లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది, 1917 నాటి పాత చట్టం పోయింది. నౌకల తనిఖీ, నమోదు, ప్రాణరక్షణ సామగ్రి, మంటలార్పే సామగ్రి, అన్నీ దాని కిందికి వస్తాయి. సామగ్రిని చట్టం లాంచీలోకి తెస్తుంది. దాన్ని జనం చేతికి అలవాటు చేసేది ఆ పది నిమిషాలే. పర్యాటక సంస్థ పెద్దలకు నా మనవి ఏమిటంటే, టికెట్ మీద బయలుదేరే సమయం తొమ్మిది గంటలని రాస్తే, డ్రిల్లు సమయం పది నిమిషాల తక్కువ తొమ్మిది అని పక్కనే రాయండి. డ్రిల్లు అయ్యేదాకా తాడు విప్పవద్దు.

ఇంతసేపూ సరదా ప్రయాణాల గురించి చెప్పాను. సరదా కోసం కాకుండా, బతుకుతెరువు కోసం రోజూ కృష్ణ దాటేవాళ్లు మన దగ్గర ఉన్నారు. కొల్లాపురం వైపు ఊళ్ల నుంచి అవతల నంద్యాల, కర్నూలు వైపు ఊళ్లకు, చుట్టాల ఇళ్లకు, పెళ్లిళ్లకు, జాతరలకు పడవ మీదే పోతారు. రోడ్డు మీద చుట్టి పోవాలంటే ఎంతో దూరం. 2007 జనవరిలో, సింగోటం జాతర రోజుల్లో, మంచాలకట్ట దగ్గర జనంతో నిండిన పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. రెండు గట్ల మీదా ఏడుపులే. ఆ తర్వాతనే సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన కావాలన్న కోరిక బలపడింది. కేంద్రం 2022 అక్టోబరులో ఆ వంతెనకు 1,082 కోట్ల రూపాయలు మంజూరు చేసింది.

వంతెన లేచి, దాని మీద మొదటి బస్సు పోయేదాకా మనుషులు పడవలోనే దాటుతారు, పుట్టిలోనూ దాటుతారు. ఏసీ లాంచీలో రెండు వేలు పెట్టి టికెట్ కొన్నవాళ్లకు దొరికే జాకెట్, కూలికి పోయే అక్కకు, బడికి పోయే పిల్లవాడికి కూడా దొరకాలి. మండలానికి ఒకసారి, వానలు పడకముందు, రేవు దగ్గర మత్స్యకారులను, పడవ నడిపేవాళ్లను, అగ్నిమాపక శాఖవాళ్లను కూర్చోబెట్టి, నీళ్లలోనే చేయించి చూపిస్తే ఖర్చు ఎంతవుతుంది? పంచాయతీ పెద్దలు, తహశీల్దార్లు ఈ ప్రసంగం వింటుంటే, సింగోటం జాతర మళ్లీ వచ్చే సంక్రాంతి తర్వాత ఉంది. పడవకు ఎంతమందిని ఎక్కించాలో, పెద్దలవి ఎన్ని జాకెట్లు, పిల్లలవి ఎన్ని జాకెట్లు కావాలో రేవు వారీగా ఇప్పుడే లెక్క రాసుకోండి.